గట్టిగా అరిచేవారికి ముందు కట్టకండి, మాస్టారూ

మాస్టారు గారికి నమస్కారం. టంగుటూరు దగ్గర ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారని, ఈపీఎఫ్ పెన్షన్ నెలకు 2,100 రూపాయలు వస్తోందని రాశారు. ప్రోనోట్లు, బంగారం తాకట్టు, ఫైనాన్స్ లోను, మీ ఇంటావిడ పేరున ఉన్న గ్రూపు లోను కలిపి అప్పు ఆరు లక్షలు దాటిందన్నారు. పెన్షన్ జప్తు చేస్తారా, జైలుకు పంపుతారా, ఇల్లు అమ్మేయాలా అని అడిగారు. వాటికి జవాబు చెబుతాను. అంతకంటే ముందు మీ చివరి వాక్యం గురించి. ఒక్కోసారి బతకాలనిపించడం లేదని రాశారు. ఆ మాట మీ ఇంట్లో ఒకరితోనైనా ఈ రోజే చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే, మనసు బాగోలేనివారికి సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్ వారు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర లేదు. అప్పుల సంగతి ఆ తరువాత చూద్దాం. మీరు ఉంటేనే దానికి దారి దొరుకుతుంది.

నేను బుచ్చిరెడ్డిపాలెం వైపు రైసుమిల్లులో గుమాస్తాగా చేసి 2018లో రిటైరయ్యాను. నా పెన్షన్ 2,460 రూపాయలు. మనలాంటివారి పెన్షన్ ఎందుకింత తక్కువో మీకు తెలిసే ఉంటుంది. పెన్షన్‌కు లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. నాకు జీతమే తక్కువ. వచ్చింది అంతే. దీనికి కరువు భత్యం లేదు, కాబట్టి ధరలు ఎంత పెరిగినా ఇది పెరగదు. రిటైరైన రెండేళ్లలో నా భార్యకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, కరోనాలో మా అబ్బాయి సెల్ ఫోన్ల దుకాణం మూతపడింది. అలా చేరిన అప్పులో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షల ప్రోనోటు ఒకటి. ఆ ఒక్క నోటుకే నెలకు నాలుగు వేలు వడ్డీ. పెన్షన్ మొత్తం ఇచ్చినా వడ్డీలో సగం పై చిల్లర తీరుతుంది, అసలు అలాగే ఉంటుంది. మీ లెక్క కూడా ఇలాగే ఉందని మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. అందుకే నా మాట ఒకటే. ఇంకా ఎక్కువ కట్టడానికి తంటాలు పడడం కంటే ముందుగా వడ్డీని ఆపించండి.

ఇక మీ భయాల సంగతి. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. నోటు బాకీ మీద పోలీసులు ఇంటికి రావడానికి లేదు, అది సివిల్ వ్యవహారం. డబ్బు కట్టమని కోర్టు తీర్పు (డిక్రీ) ఇచ్చినా, తీర్చే శక్తి ఉండి కావాలని ఎగ్గొట్టేవారినే సివిల్ జైలుకు పంపవచ్చు తప్ప, లేనివారిని పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆడవారిని డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయడానికి అసలు వీల్లేదు. మీ ఇంటావిడకు ఈ మాట తప్పక చెప్పండి. పెన్షన్‌కు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్షణ ఉంది. అదే సెక్షన్ వంట పాత్రలను, పరుపులను, మంగళసూత్రం లాంటి వాటిని కూడా జప్తు నుంచి తప్పిస్తుంది. వీధిలో నిలబడి ‘గిన్నెలు కూడా పట్టుకుపోతాం’ అనేవారి మాట చట్టంలో లేదు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. మీరు ఎవరికైనా సంతకం పెట్టిన చెక్కులు ఇచ్చి ఉంటే సంగతి వేరు. చెక్కు బౌన్సు అయితే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. లాయరు నోటీసు చేతికి అందిన 15 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆ బాకీ లేదంటే జవాబివ్వాలి, కానీ జవాబు ఒక్కటే కేసును ఆపదు. నోటీసులు తీసుకోకుండా తలుపు వేసుకోవడం చాలామంది చేసే పని. సివిల్ కోర్టు నోటీసు అయితే దానివల్ల ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే ఇచ్చే తీర్పు వస్తుంది, మీ వాదన వినేవారే ఉండరు.

రిటైరైనవారి దగ్గర అప్పులవాళ్ల వరుస ఎలా ఉంటుందంటే, ఎవరు ఎక్కువ సిగ్గుపడేలా చేస్తే వారికి ముందు డబ్బు వెళుతుంది. ఫైనాన్స్ కంపెనీ కుర్రవాడు వీధిలో అరిచాడని వాడికి మూడు వేలు ఇస్తాం. నోరు మెదపని బంగారం కొట్టు నుంచి వేలం నోటీసు వస్తుంది. నేను పద్దు రాసే అలవాటుతో ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీశాను: ఎవరికి, ఎంత, ఏ వడ్డీ, కట్టకపోతే ఏది పోతుంది. ఆ నాలుగో గడి చూసి వరుస పెట్టాను. ఇల్లు తాకట్టులో ఉంటే అది మొదట, ఆ తరువాత బంగారం. సెక్యూరిటీ లేని ఫైనాన్స్ లోను, ఎంత గొడవ చేసినా, కిందికే పోతుంది. వీటన్నిటి పైన బియ్యం, మందులు, కరెంటు బిల్లు. మందులు ఆపి వడ్డీ కట్టడం నేను ఎవరికీ చెప్పను. మందులు మానిన మనిషి ఆసుపత్రి పాలైతే వచ్చే అప్పు దీనికంటే పెద్దది.

ప్రోనోటు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఎక్కువమందిని ముంచేది అదే. ఉగాదికో, సంవత్సరం తిరిగినప్పుడో అప్పిచ్చినవారు వచ్చి ‘వడ్డీ అసలులో కలిపి నోటు తిరగరాద్దాం’ అంటారు. అలా రాస్తే మీరు అప్పటిదాకా కట్టని వడ్డీ కూడా అసలై, దాని మీద మళ్లీ వడ్డీ నడుస్తుంది. నేను తిరగరాయడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు ఇచ్చిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించాను. రెవెన్యూ స్టాంపు ఉన్న వైపు కాదు, వెనక. తేదీ, ‘వడ్డీ కింద ముట్టినది రూ. 4,000’ అని, కింద నా సంతకం. అదే మాట నా పద్దు పుస్తకంలో రాసి అప్పిచ్చినవారి సంతకం తీసుకున్నాను. నోటు మీద కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల కాలపరిమితి, ఆ లోపు చెల్లు పడిన ప్రతిసారీ ఆ మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. అందుకని వారికీ చెల్లు కావాలి, మనకూ కావాలి. కాలపరిమితి దాటించి ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. అవసరానికి చేయి అందించినవారి అసలు తిరిగి ఇవ్వాలి. కానీ ఎంత ఇచ్చామో రాతలో లేకపోతే పెద్దమనుషుల ముందు మన మాట నిలవదు.

28 నెలల్లో నేను కట్టిన వడ్డీ 1,12,000 రూపాయలు. ఆ పేజీలు పట్టుకుని, ఊరిలో ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టి అడిగాను. ‘ఇక వడ్డీ కట్టలేను, పెన్షన్ కాగితం ఇదిగో. ఉన్న స్థలం అమ్మి ఒకేసారి ఇస్తాను, ఎంతకు ఒప్పుకుంటారు?’ అన్నాను. అప్పిచ్చినాయనకు మొదట కోపం వచ్చింది, కోర్టుకు వెళతానన్నారు. వెళితే ఏమవుతుందో పెద్దమనుషుల్లో ఒకాయనే చెప్పారు. కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు పడుతుంది, డిక్రీ వచ్చాక ఇలాంటి చేబదులు మీద వడ్డీ సంవత్సరానికి 6 శాతానికి మించి రాదు. నెలకు రెండు రూపాయలు ఎక్కడ, సంవత్సరానికి ఆరు ఎక్కడ. చివరికి వడ్డీ ఆపి 1,70,000కు ఒప్పుకున్నారు. కోవూరు దగ్గర మాకున్న పద్దెనిమిది అంకణాల స్థలం అమ్మి ఇచ్చాను. డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టిన చోటే నోటు వెనక్కు తీసుకోండి, మాస్టారూ. ‘ఇంట్లో ఉంది, రేపు ఇస్తాను’ అంటే డబ్బు కూడా రేపే.

బంగారం విషయంలో నా భార్యే ధైర్యం చేసింది. ప్రైవేటు కొట్టులో తాకట్టు పెట్టిన నగలకు వడ్డీ కట్టుకుంటూ, కాలం తీరగానే మళ్లీ పెడుతూ ఉన్నాం. ‘మనవరాలికి ఇద్దామనుకున్న హారం వడ్డీకే సగం కరిగిపోయింది, ఇక దాన్ని అమ్మేసి గాజులైనా విడిపించుకుందాం’ అంది. హారం అమ్మాం. ఆ డబ్బుతో బాకీ తీరి గాజులు, నల్లపూసలు ఇంటికి వచ్చాయి. మీకు అమ్మడం ఇష్టం లేకపోతే కనీసం ప్రైవేటు కొట్టు నుంచి ప్రభుత్వ బ్యాంకుకు మార్చండి, వడ్డీలో చాలా తేడా ఉంటుంది. వేలం నోటీసు వచ్చేదాకా ఆగకండి. వేలంలో మీకు దక్కేదానికంటే మీరే తూకం వేయించి అమ్మితే వచ్చేది ఎక్కువ.

ఫైనాన్స్ కంపెనీ వసూలు మనుషుల విషయం. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని, బంధువులకూ స్నేహితులకూ చెప్పి పరువు తీయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. వారు వచ్చిన తేదీ, వేళ, అన్న మాట రాసి పెట్టుకోండి. మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారికి (అంబుడ్స్‌మన్‌కు) ఫిర్యాదు పెట్టవచ్చు, ఖర్చు లేదు. వివరాలకు 14448. ఇంకొకటి: మీ పెన్షన్ పడే ఖాతా నుంచే వాయిదా దానంతటదే కోతపడుతోందేమో చూడండి. అలా అయితే నెల మొదట్లోనే మీ బియ్యం డబ్బు పోతుంది, డబ్బు లేని నెలలో బౌన్సు చార్జీలు పడతాయి. ఆ ఆదేశాన్ని బ్యాంకులో రద్దు చేయించండి. 2025 జనవరి నుంచి ఈపీఎఫ్ పెన్షన్‌ను దేశంలో ఏ బ్యాంకు శాఖలోనైనా తీసుకోవచ్చు కాబట్టి, అప్పు లేని బ్యాంకుకు ఖాతా మార్చుకోవడం కూడా కష్టం కాదు.

నా ఫైనాన్స్ లోను లోక్ అదాలత్‌లో తేలింది. చార్జీలతో కలిపి లక్షా పదివేలు అన్నారు, 65,000కు రాజీ కుదిరింది, నెలకు ఐదు వేల చొప్పున. మిల్లుల దగ్గర లెక్కలు రాసిపెట్టి నేను తెచ్చేది, మా అబ్బాయి ఇచ్చేది కలిపి కట్టాను. కేసు పడకముందే కూడా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. ఒంగోలు కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. అక్కడ కుదిరిన రాజీకి అప్పీలు లేదు. కాబట్టి ఆ గదిలో మొహమాటానికి పోయి కట్టలేని వాయిదాకు ఒప్పుకోకండి. అన్నీ తీరాక బాకీ లేదన్న కాగితం తీసుకోండి.

మీ ఇంటావిడది డ్వాక్రా లోను అయితే మాత్రం నేను పైన చెప్పిన వరుసను పక్కన పెట్టి దాన్ని కడుతూ ఉండండి. మీరు ఆగితే పదిమంది ఇరుగుపొరుగు ఆడవాళ్లకు తరువాతి లోను ఆగిపోతుంది. మా నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం తరువాత రోజుకో రూపాయి దాచి మొదలుపెట్టిన పొదుపు ఇది, మాకు దాని మీద మమకారం ఎక్కువ. అది ప్రైవేటు మైక్రోఫైనాన్స్ గ్రూపు అయితే ఆ కంపెనీ మేనేజరును కలిసి ఆదాయం వివరాలు ఇవ్వండి. ఇంటి ఆదాయంలో వాయిదాలన్నీ కలిపి సగానికి మించకూడదని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వాయిదా తగ్గించమని అడగడానికి ఆ మాట పనికి వస్తుంది.

ఐపీ, అంటే దివాలా పిటిషన్ పెట్టమని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు. 1920 నాటి దివాలా చట్టం కింద అది మీకు ఉన్న హక్కే, సిగ్గుపడవలసింది లేదు. కానీ తాకట్టు అప్పులకు అది అడ్డం పడదు, ఉన్న ఆస్తి కోర్టు చేతిలోకి వెళుతుంది, మీకు హామీ సంతకం పెట్టినవారిని వదలదు. ఇల్లు తప్ప వేరే ఆస్తి లేని మీకు అది చివరి మెట్టు. అంతకంటే ప్రమాదం, భయంతో ఇల్లు అబ్బాయి పేరున రాసేయడం. అప్పులవాళ్లను తప్పించడానికి చేసిన బదిలీని కోర్టు రద్దు చేయగలదు, మీ నిజాయితీ మీద కూడా అనుమానం వస్తుంది.

ఇల్లు అమ్మాలా అన్నదానికి నా జవాబు: వడ్డీ కట్టడానికైతే వద్దు. అందరితో మాట్లాడి వడ్డీ ఆగి, అసలు ఎంతకు తేలుతుందో కాగితం మీదికి వచ్చాక కూడా తీరకపోతే, అప్పుడు మీరే నిదానంగా మంచి ధరకు అమ్మండి, కోర్టు వేలందాకా రానివ్వకండి. ముందు పిల్లలను కూర్చోబెట్టి మొత్తం అంకె చెప్పండి. మా అబ్బాయికి చెప్పిన రాత్రి వాడు ఏమీ అనలేదు, మరుసటి నెల నుంచి మూడు వేలు తల్లి చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు.

మీ నోట్ల మీద తేదీలు, వాటికి హామీదార్లు ఎవరైనా ఉన్నారా, చెక్కులు ఎన్ని ఇచ్చారు అన్నది రాయలేదు. ఆ మూడూ రాస్తే ముందు ఎవరితో మాట్లాడాలో చెప్పగలను.