ఉమ్మడి ట్రాక్టరు అద్దె ఎంత పెట్టాలి?

ప్రశ్న: మా ఊళ్లో 12 మంది రైతులం కలిసి 9 లక్షలకు ట్రాక్టరు, రోటవేటరు (తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసే పరికరం) కొంటున్నాం. గంటకు అద్దె ఎలా లెక్కించాలి? గొడవలు రాకుండా వంతులు ఎలా?

జవాబు: చాలా సంఘాలు డీజిల్, డ్రైవరు కూలి మాత్రమే లెక్కేసి దెబ్బతింటాయి. బండి అరుగుదల కూడా ఖర్చే. పదేళ్లకు రెండున్నర లక్షలకు అమ్ముడవుతుందనుకోండి, ఏడాదికి 600 గంటలు తిరిగితే అరుగుదల గంటకు 108 రూపాయలు. పెట్టిన డబ్బుకు వడ్డీ గంటకు సుమారు 86, రిపేర్లకు 80, డ్రైవరుకు 100. రోటవేటరుతో గంటకు 6 లీటర్లు కాలితే, లీటరు 98 చొప్పున 588. మొత్తం 962. సభ్యులకు 1,000, బయటివారికి 1,150 పెట్టండి. డీజిల్ అంచనా నమ్మొద్దు: ట్యాంకు నిండా పోసి, పని అయ్యాక మళ్లీ నింపి, పట్టిన లీటర్లను అవర్ మీటరు (ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు) గంటలతో భాగించండి. నల్లరేగడిలో ఎక్కువే తాగుతుంది.

ఎకరాకు ఇంత అని మాత్రం వద్దు. డ్రైవరు తొందరపడి పైపైన దున్నేస్తాడు.

అసలు తగువు తొలకరిలో వస్తుంది, అందరికీ అదే పది రోజుల్లో కావాలి. అడిగిన వరుసలో ఇస్తే బండి ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు ఉత్తగా తిరుగుతుంది. పొలాలను దిక్కులవారీగా విడగొట్టి, ఏ దిక్కు ముందో చీటీ తీయండి. మరుసటి ఏడు వరుస తిప్పండి.

తడి ఎక్కువున్న నేలలో రోటవేటరు దించొద్దు, బ్లేళ్లకు మట్టి చుట్టుకుంటుంది. బ్లేళ్ల బోల్టులు రోజూ బిగించాలి.