ఆ ఆటని డ్రాగానే ఉంచు

బరంపురం

చిరంజీవి తమ్ముడికి,

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన చెస్ కథ నిన్న రాత్రి చదివాను. ఆఖరి పేజీలో కోపం వచ్చింది, అందుకే తెల్లారకుండానే రాస్తున్నాను. గడియారం నొక్కబోయి ఆగిపోయిన చెయ్యి మాత్రం బాగుంది.

ఇద్దరూ సమానమైన మాస్టర్లు. నలభై ఎత్తులయ్యేసరికి ఒకరికి తెల్లగళ్ళ శకటు (బిషప్), ఇంకొకరికి నల్లగళ్ళ శకటు, కాసిని బంట్లు మిగిలాయని నువ్వే రాశావు. శకటు తన రంగు గళ్ళు దాటదు కాబట్టి ఆ రెండూ ఎప్పటికీ ఒకదాన్నొకటి తాకలేవు. బంటు ఎక్కువున్నవాడు కూడా చాలాసార్లు గెలవలేడు. బంటు దారిలో ఎదుటి శకటు ఒక గడి పట్టుకు కూర్చుంటే, దాన్ని లేపడం వీడి శకటు వల్ల కాదు. అంత చక్కగా తెచ్చి, చివర్లో ఆ ఒడియా ఆటగాడి చేత పసిపిల్లలు చేసే తప్పు చేయించావు. మన తెలుగువాడు గెలవాలని నీకుంది. ఆటలో లేదు.

2018లో లండన్‌లో కార్ల్‌సన్, కరువానా ప్రపంచ టైటిల్ కోసం ఆడిన 12 క్లాసికల్ (గంటల తరబడి నిదానంగా ఆడే) ఆటలూ డ్రాలే. మొదటిది 115 ఎత్తులు, సుమారు ఏడు గంటలు. నల్లపావులతో కార్ల్‌సన్ గెలుపు దాకా వచ్చాడు, కరువానా పట్టు వదల్లేదు. చెరో అర పాయింటు. కథ ఆ పట్టులో ఉంది. ఓడిపోతున్నానని తెలిసిన మనిషి ఆ గంటలో నీళ్ళెలా తాగాడో రాయాలి నువ్వు.

ఎవరో ఒకరు గెలవకపోతే కథ కాదని పత్రికలవాళ్ళు మనకి నూరిపోశారు. ఇప్పుడేమో మలుపు లేనిదే చదవరట! నా ఇరవై ఆరో ఏట అన్నదమ్ముల పొలం తగాదా మీద కథ రాశాను. చివర్లో ఇద్దరూ అలిసిపోయి గట్టు మీద పక్కపక్కనే కూర్చుంటారు. ‘ముగింపు లేదు’ అని ఒక ఎడిటర్ తిప్పి పంపాడు. డబ్బు అవసరమై, అన్నని కోర్టులో గెలిపించాను. వెంటనే వేశారు. మా నాన్న చదివి, “గట్టు మీద కూర్చున్నారన్నావు కదరా, వాళ్ళేమయ్యారు?” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ కథని నా ఏ సంపుటిలోనూ వెయ్యలేదు.

ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం. ముందు నలభై ఒకటో ఎత్తు నుంచి మళ్ళీ రాయి. ఎత్తు వేశాక, గడియారం నొక్కేలోపు డ్రా అడగడం పద్ధతి. ఆ చెయ్యి అక్కడ ఆగింది అందుకే. ఏ భాషలో అడిగాడో, అవతలివాడు ఎంతసేపు తల ఎత్తలేదో రాసి, దసరాలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య