బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ షర్లీ బేకర్ 1960ల్లో తీసిన మాంచెస్టర్ ఫోటోల్లో ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలే ఎందుకుంటారు?

ముఖ్య కారణం ఆమె పగటిపూట వీధుల్లో తిరిగి తీయడం, ఆ టైంలో మగవాళ్ళు చాలామంది పనికెళ్ళిపోయేవాళ్ళు. పని లేనివాళ్ళో ముసలాళ్ళో మూలమీద నిలబడి కనిపిస్తారు, 2015లో లండన్‌లో పెట్టిన ఆమె ఎగ్జిబిషన్ పేరులో కూడా ఆడవాళ్ళు, పిల్లలతో పాటు ఈ ఊరికే నిలబడే మగవాళ్ళు ఉన్నారు.

ఇంకోటి ఏంటంటే ఆ వీధుల్లో గోడకి గోడ ఆనుకుని కట్టిన వరస ఇళ్ళు బాగా ఇరుకు, చాలావాటికి టాయిలెట్ కూడా పెరట్లోనే, అందుకే పిల్లలకి వీధే ఆటస్థలం, అమ్మలు గుమ్మంలో కూర్చుని కబుర్లు, వీధికి అడ్డంగా తాడు కట్టి బట్టలారేయడం, మన పాత బస్తీలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

షర్లీ మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్ఫోర్డ్‌లో 1932లో పుట్టింది. 1960ల్లో మురికివాడలంటూ పాత ఇళ్ళు కూలగొట్టి జనాన్ని అపార్ట్‌మెంట్లకి పంపేస్తుంటే, ఎవరూ ఆర్డర్ ఇవ్వకుండానే తనంతట తనే వెళ్ళి తీసింది. సగం కూలిన గోడల మధ్య పిల్లలు ఆడుకుంటుంటారు చూడండి, నాకు అవే ఎక్కువ ఇష్టం. 1965లో తీసిన కలర్ ఫోటోలు కూడా తప్పకుండా చూడండి, ఎర్ర ఇటుక గోడల ముందు పిల్లల బట్టల రంగులు అలా గుర్తుండిపోతాయి.