ఈ ట్రిప్‌లో బోర్డు కొనకండి, బోర్డులు మార్చి చూడండి

ప్రశ్న: ఏడాదిగా సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా శిక్షణలో ఇచ్చే ఫోమ్ బోర్డు తప్ప వేరేది ఎక్కలేదు. వచ్చే నెల పది రోజుల సర్ఫ్ ట్రిప్‌కి వెళ్తున్నాను. అక్కడ రకరకాల బోర్డులు అద్దెకు తీసుకుని చూడాలని నాకుంది. స్నేహితులేమో అద్దె డబ్బు తిరిగి రాదు, ముందే ఒకటి కొనుక్కో అంటున్నారు. చేతిలో అంత డబ్బు లేదు, క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కొనాలి. ఏం చేయమంటారు?

జవాబు: అద్దెకే తీసుకోండి. వాయిదాల్లో మాత్రం కొనొద్దు. ఏ బోర్డు నప్పుతుందో ఇంకా తెలియని దశలో, దాని మీద వడ్డీ కూడా కట్టడం నాకు అస్సలు నచ్చని సంగతి.

అద్దె డబ్బు తిరిగి రాదన్న మాట నిజమే. కానీ కొన్న బోర్డు డబ్బు మాత్రం మొత్తం తిరిగొస్తుందా? ఒక లెక్క వేసి చూద్దాం. రోజు అద్దెనే కొలతగా పెట్టుకుందాం. కొత్త బోర్డు ధర ముప్పై రోజుల అద్దె అనుకోండి. తర్వాత అమ్మితే సగమే వస్తుందనుకుంటే, పదిహేను రోజుల అద్దె పోయినట్టు. విమానంలో వేయడానికి మెత్తటి బ్యాగు, బోర్డును కాలికి కట్టే తాడు (లీష్), బోర్డు అడుగున బిగించే రెక్కలు (ఫిన్స్) కలిపి మరో ఏడు. అంటే ఇరవై రెండు. ఇక ప్రతి ట్రిప్‌లో రానూపోనూ విమానం వాళ్లకు కట్టే అదనపు ఛార్జీ ఐదు రోజుల అద్దె అనుకుంటే, పది రోజుల ట్రిప్‌లో పది రోజుల అద్దె తప్పినా మీకు మిగిలేది ఐదే. ఇరవై రెండు పూడాలంటే ఐదో ట్రిప్ దాకా ఆగాలి. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు. వీటి చోట మీకు చెప్పిన ధరలు పెట్టుకుని మళ్లీ లెక్క కట్టండి. విమానంలో బోర్డు పొడవుకు పరిమితి ఉండొచ్చు, అదీ ముందే కనుక్కోండి.

నా మొదటి బోర్డు నేను చూడగానే ముచ్చటపడి కొన్నాను. సన్నగా, పొట్టిగా ఉండేది. దాని మీద పడుకుని చేతులతో నీళ్లు తోస్తుంటే ఛాతీ దాకా మునిగేది, అల నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయేది. రెండేళ్లు గోడకి ఆనించి ఉంచి, చివరికి కొన్నదాంట్లో సగం కంటే తక్కువకి అమ్మేశాను. నాలుగు రోజులు అద్దెకు తీసుకుని ఉంటే ఆ సంగతి అప్పుడే తెలిసేది.

ఇక పది రోజుల్ని ఎలా వాడుకోవాలి? రోజుకో బోర్డు మార్చకండి. సముద్రం రోజూ ఒకేలా ఉండదు కాబట్టి, తేడా బోర్డుదా అలలదా అన్నది తేలదు. మొదటి రెండు రోజులు అలవాటైన ఫోమ్ బోర్డు మీదే ఆ తీరపు అలలు అర్థం చేసుకోండి. తర్వాత ఏడున్నర, ఎనిమిది అడుగుల బోర్డుకి మూడు నాలుగు రోజులివ్వండి. నా ఉద్దేశంలో మీరు చివరికి కొనబోయేది ఈ కొలతల్లోనే ఉంటుంది. తొమ్మిది అడుగుల లాంగ్‌బోర్డుకి రెండు రోజులు చాలు. పొట్టిగా, వెడల్పుగా, తోక దగ్గర చీలి ఉండే ఫిష్ రకాన్ని అలలు నెమ్మదిగా ఉన్న రోజు చూడండి. పొట్టిగా, సన్నగా ఉండే షార్ట్‌బోర్డు ఇప్పుడే వద్దు.

పొడవు ఒక్కటే చూడకండి. బోర్డు ఘనపరిమాణం ఎన్ని లీటర్లో అడగండి, చాలా బోర్డుల మీద రాసే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి తమ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు, వీలైతే ఇంకా ఎక్కువ ఉంటే సుఖం. నీళ్లలోంచి రాగానే ఫోన్లో రెండు ముక్కలు రాసుకోండి: బోర్డు పొడవు, లీటర్లు, ఎన్ని అలలు అందాయి, ఎన్నిటి మీద లేచి నిలబడ్డారు.

అద్దె దుకాణంలో బేరం కూడా ఆడాలి. రోజువారీ కాకుండా మొత్తం రోజులకి ఒకే అద్దె మాట్లాడి, మధ్యలో బోర్డు మార్చుకోనిస్తారా అని అడగండి. కొన్ని దుకాణాలు తర్వాత బోర్డు కొంటే అద్దెను ధరలో తగ్గిస్తాయి, అదీ అడగండి. డిపాజిట్ కట్టే ముందు బోర్డును వెలుతురులో రెండు వైపులా తిప్పి, పాత గీతలకీ సొట్టలకీ ఫిన్ల మొదళ్లకీ ఫోటోలు తీయండి. బోర్డు విరిగితే ఎంత కట్టాలో రాయించుకుని, అంత డబ్బు ట్రిప్ ఖర్చుకి బయట పెట్టుకోండి. ప్రయాణ బీమా ఉన్నా, నీళ్లలో వాడుతుండగా పాడైన బోర్డుకి అది వర్తించకపోవచ్చు. పాలసీలో ఆ భాగం చదివే వెళ్లండి.

తిరిగొచ్చాక, కార్డు వాయిదాకి కట్టేవారే కదా, ఆ మొత్తాన్నే నెలనెలా విడిగా దాచండి. సరిపడా పోగయ్యాక, మీరు రాసుకున్న కొలతలకి దగ్గరగా ఉన్న పాత బోర్డు వెతకండి. కొనే ముందు పైభాగమంతా బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగబడినా, పగులు చుట్టూ గోధుమ రంగు మరక కనిపించినా లోపలికి నీరు చేరి ఉండొచ్చు. అలాంటి బోర్డు ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దు.