బడి గోడకి మళ్లీ సిమెంటు వద్దు మాస్టారూ

ప్రశ్న: ఇంజనీరు గారూ, మాది కోనసీమలో కాలవగట్టు ఊరు. నేను ఓనమాలు దిద్దిందీ, తర్వాత పాఠాలు చెప్పిందీ ఒకే బళ్లో. ఒకటే గది, ముందు అరుగు, పైన మంగళూరు పెంకు. గుమ్మం మీద రాతిపలకపై ‘తాలూకా బోర్డు ఎలిమెంటరీ స్కూలు, 1926’ అని ఉంటుంది. పిల్లలు కొత్త భవనంలోకి వెళ్లాక ఖాళీగా పడివుంది. గోడల అడుగున మూడడుగుల మేర పెచ్చులూడి తెల్లటి ఉప్పు రాలుతోంది. ఆమధ్య సిమెంటు పూయిస్తే అదీ ఊడింది. ఈసారి వాటర్‌ప్రూఫ్ మందు కలిపి పూద్దామని మేస్త్రి, పెంకు తీసేసి స్లాబు వేద్దామని పెద్దలు. గ్రంథాలయం చేద్దామని మా కోరిక. ఏం చెయ్యమంటారు?
- ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఆ గోడని తింటున్నది మీరు పూయించిన సిమెంటే. ఆ రోజుల్లో ఇటుకని సున్నంతో కట్టారు. పునాది మీద చెమ్మని ఆపే పొర వేసే అలవాటు లేదు. నేల తడి గోడలోకి ఎక్కేది, సున్నపు పూత గుండా ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి ఇంకా పైకెక్కుతుంది, దానితోపాటు ఉప్పూ ఎక్కుతుంది. ఆ ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుక మొహాన్నే పగలగొడుతుంది. మందు కలిపితే మూడడుగుల చెమ్మ ఐదడుగులవుతుంది, అంతే తేడా.

తాపీ పట్టే ముందు వీధిలో నిలబడి చూడండి. మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేస్తారే తప్ప పాతది తవ్వి వెయ్యరు. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన బళ్లోకి ఇప్పుడు దిగి వెళ్తున్నారేమో! అదే అయితే రోగం అక్కడుంది. గోడ చుట్టూ మట్టి తీయించి నేలని గచ్చు కంటే కిందికి దింపండి, వాన నీరు గోడకి దూరంగా పోయేలా వాలు పెట్టి కాలవ తీయండి. పునాది అడుగు కంటే లోతుకి మాత్రం తవ్వనివ్వకండి. లోపల నున్నటి టైల్సు పరిస్తే నేలలో తడంతా గోడల్లోకి మళ్లుతుంది, అదీ వద్దు. సిమెంటు జాగ్రత్తగా ఊడగొట్టించి, రాలే ఉప్పు బ్రష్షుతో దులుపుతూ గోడని ఒక వేసవంతా ఆరనివ్వండి.

పూతకి మీ వైపు గుల్ల సున్నం (నత్తగుల్లలు కాల్చి చేసేది) దొరికితే అదృష్టమే. రాతి సున్నమైతే గడ్డలే కొనండి. నీళ్లలో వెయ్యగానే కుతకుత ఉడకాలి. ఉడకలేదంటే గాలి తగిలి చచ్చిన సున్నమని అర్థం. వడగట్టి, నెల తక్కువ కాకుండా నీళ్లలో మురగబెట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలపండి. ఉప్పు తగిలిన ఇసుక రానివ్వకండి. సున్నం రుబ్బే గానుగ ఎలాగూ లేదు కాబట్టి కర్రలతో బాగా దంచించండి. పాత మేస్త్రీలు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, కాస్త బెల్లం పోసేవారు. కోడిగుడ్డు సొన కథలు పక్కన పెట్టండి, ఒంటిగది బడికి అంత వైభోగం అక్కర్లేదు. అరంగుళం దాటకుండా పూసి, తడి గోనెపట్టాలు కప్పి వారం పాటు చెమ్మగా ఉంచండి. సున్నం గాలిని పీల్చుకుంటూ గట్టిపడుతుంది, తొందరపెడితే బీటలిస్తుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టండి. పైన వెల్ల వెయ్యండి, తుమ్మబంక కలిపితే చేతికంటదు. ప్లాస్టిక్ పెయింటు వేస్తే పడ్డ శ్రమంతా వృథా.

స్లాబు మాట మర్చిపోండి. మంగళూరు పెంకు, అది కూర్చునే రీపర్లతో (సన్న చెక్కలతో) కలిపి చదరపు మీటరుకి సుమారు 65 కిలోలు. నాలుగంగుళాల స్లాబు 250. నూరేళ్ల సున్నపు గోడ నెత్తిన అంత బరువు పెడతారా? దూలాలు గోడలో దిగిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, కుళ్లు మొదలయ్యేది అక్కడే. కొస పాడైతే ఆ ముక్కే కోసి పాత టేకుతో అతికించవచ్చు. పెంకుల వెనక కంపెనీ ముద్ర ఉంటుంది. ఒక ముద్ర పెంకు ఇంకో ముద్ర పెంకులో సరిగ్గా కూర్చోదు కాబట్టి పాత ఇళ్లు పడగొట్టే చోట అదే ముద్ర వెతకండి. గుమ్మం పైన బీట ఉందంటే అడ్డంగా చిన్న గాజుముక్క అతికించి తేదీ వేయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే, అప్పుడు ఇంజనీరుని పిలిచి చూపించాకే ముందుకెళ్లండి.

కాగితాలు చూశారా? తాలూకా బోర్డులు పోయి వాటి బళ్లు జిల్లా బోర్డుల చేతికెళ్లాయి, తర్వాత 1959 చట్టంతో పంచాయతీ సమితులు, 1980ల్లో మండల పరిషత్తులు వచ్చాయి. ఆస్తి ఎవరి పేరున ఆగిపోయిందో తేల్చుకుని, వాళ్ల అనుమతి, పంచాయతీ తీర్మానం రాతపూర్వకంగా తీసుకున్నాకే గునపం వెయ్యండి.

గోడలోనే నల్లబల్ల ఉంటే దానికి రంగు కొట్టించకండి. దొండాకు పసరు, బొగ్గు పొడి కలిపి రుద్దండి. ఆ పని మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటామండీ. మా ఊళ్లో తాతగారు చదివిన ఒంటిగది బడి బాగుచేయడానికి డబ్బు పంపాలనుంది. గోడలకి గ్రానైటు వేయించి ఆయన పేరు చెక్కించవచ్చా?

జవాబు: పైన మాస్టారికి రాసింది చదవండి. గ్రానైటూ సిమెంటు చేసే పనే చేస్తుంది. ఆ డబ్బు టేకుకీ, సున్నం పని తెలిసిన మేస్త్రి కూలికీ పంపండి. పేరంటారా, పుస్తకాల బీరువా మీద చెక్కించండి.