హైకోర్టు మీద దీపం

ప్రశ్న: వచ్చే నెలలో పెళ్ళికి కుటుంబమంతా చెన్నై వెళ్తున్నాం. అక్కడ హైకోర్టు మీదే లైట్‌హౌస్ ఉండేదని, దావా పని మీద వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణని మా తాతగారు చెప్పేవారు. ఇప్పుడు ఎవరిని అడిగినా మెరీనా బీచిలో ఉందంటున్నారు. అసలు పాతది ఏది? పిల్లలతో పైకి ఎక్కవచ్చునా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ తాతగారు చెప్పినది నిజమే. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా నెల్లూరు వ్యాజ్యాల అప్పీళ్ళు మద్రాసుకే వెళ్ళేవి. ఆ కోర్టు పెద్ద గుమ్మటం మీద 1894లో వెలిగించిన దీపం, మెరీనాలో ఇప్పటి లైట్‌హౌస్ పనిలోకి వచ్చిన 1977 దాకా ఓడలకు దారి చూపింది.

అయితే అన్నిటికన్నా పాతది అదీ కాదు. మొదటి దీపాన్ని 1796లో సెయింట్ జార్జి కోటలో, నేడు మ్యూజియం ఉన్న భవనం మీద, కొబ్బరినూనె వత్తులతో వెలిగించారు. 1844లో వెలిగిన రెండవది హైకోర్టు ఆవరణలోనే ఉన్న గ్రానైటు స్తంభం. దీపం గుమ్మటం మీదికి మారాక దానికి పని లేకపోయింది గాని, చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. పైకి ఎక్కనివ్వరు కదా అని దానిని వదిలేయకండి. నాలుగింటిలో ముందుగా చూడదగ్గది అదేనని నా అభిప్రాయం. హైకోర్టు మెట్రో స్టేషనులో దిగితే దగ్గరే. కోర్టు లోపలికి పోనివ్వకపోయినా రోడ్డు మీది నుంచి కనిపిస్తుంది.

ఇంత లోపల లైట్‌హౌస్ ఎందుకు కట్టారని పిల్లలు అడగవచ్చు. అప్పట్లో సముద్రం కోట గోడల దాపున ఉండేది. 1876లో హార్బరు పనులు మొదలయ్యాక, ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక ఆ కట్టడాల దగ్గర ఆగి, దక్షిణాన మేట వేసింది; నేటి విశాలమైన మెరీనా అలా పెరిగినదే. ఆ ఇసుక అందని ఉత్తరాన, రాయపురం వైపు, తీరం కోతకు గురైంది.

పిల్లలను ఎక్కించవలసినది మెరీనాలోని ఎరుపు తెలుపు పట్టీల ముక్కోణపు కట్టడాన్ని. దానికి లిఫ్టు ఉంది కనుక పెద్దవారికీ ఇబ్బంది లేదు. భద్రతా కారణాలతో ఏళ్ళ తరబడి మూసి ఉంచి, 2013లో మళ్ళీ సందర్శకులకు తెరిచారు. సోమవారం సెలవు, మధ్యాహ్నం విరామం ఉంటాయి. పెళ్ళి హడావుడిలో ఉదయం కుదరకపోతే మూడు దాటాక వెళ్ళండి, కాని వేళలు ముందుగా కనుక్కోవడం మంచిది.