చిమ్నీకి ఏ ఎనలైజర్ మంచిది? ముందు ట్యూబు సంగతి చూడండి

థర్మల్ ప్లాంటు చిమ్నీలో ఉద్గారాలను నిరంతరం కొలవడానికి ఏ కంపెనీ ఎనలైజర్ కొనాలని అడిగారు. పేరున్న వాటిలో ఏది కొన్నా ఒకటే. ఇరవై ఏళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేశాను, ఎనలైజర్ వల్ల మోసపోయింది తక్కువ. మోసం చేసేది దాని దగ్గరికి పొగను మోసుకొచ్చే ట్యూబు.

ఒక డిసెంబరులో మా యూనిట్ సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 1,200 మిల్లీగ్రాముల నుంచి మెల్లగా 700కు దిగింది. అదే బొగ్గు, అదే లోడు. షిఫ్టు ఇన్‌చార్జి ముఖం వెలిగిపోయింది. రెండో రోజు కాలిబ్రేషన్, అంటే ఎంతుందో ముందే తెలిసిన సిలిండరు గ్యాసుతో రీడింగు సరిచూడటం, చేసి అంతా సరిగ్గా ఉందని రిజిస్టరులో రాశాం. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆక్సిజన్ కదల్లేదు, నైట్రిక్ ఆక్సైడ్ కదల్లేదు. సల్ఫర్ ఒక్కటే ఎక్కడికి పోతుంది? పొగలోని ఆవిరి దారిలో చల్లబడి నీరైతే, ఆ నీళ్లలోకి.

మూడో రోజు హెల్పరును వెంటబెట్టుకుని చిమ్నీ ఎక్కాను. లిఫ్టు ఎప్పటిలాగే మరమ్మతులో ఉంది. లోపల 180 డిగ్రీల వేడి ఉండాల్సిన శాంపిల్ లైను, అదే ఆ ట్యూబు, ఒకచోట క్లాంపు ఊడి ఉయ్యాలలా వేలాడుతోంది. తొడుగు పొడవునా వెచ్చగా ఉంది, ఆ వంపు దగ్గర మాత్రం కుండలా చల్లగా తగిలింది. హీటరు తీగ కాలిపోయింది. జాయింటు విప్పితే నీళ్లు కారాయి, లిట్మస్ కాగితం ముంచగానే ఎర్రబడింది.

మరి కాలిబ్రేషన్ ఎలా పాసయింది? సిలిండరు గ్యాసును కింద ఎనలైజర్ దగ్గరే ఇచ్చాం కాబట్టి. పైన చిమ్నీలోంచి పొగను లాగే ప్రోబ్ నుంచి పంపి ఉంటే అప్పుడే దొరికిపోయేది. కనుక మీ టెండరులో మొదట రాయాల్సింది అదే: కాలిబ్రేషన్ గ్యాసు పైన ప్రోబ్ నుంచే వెళ్లాలి. మా టెండరులో ఎనలైజర్ ఖచ్చితత్వానికి పేజీలకు పేజీలు, ట్యూబుకు రెండు వాక్యాలు. తక్కువ ధర వాడికే ఆర్డరు, తర్వాత సర్వీసుకు ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు.

ఇక రకం విషయానికొస్తే, నేనైతే డైల్యూషన్ పద్ధతి తీసుకుంటాను. ప్రోబ్ దగ్గరే పొడి గాలితో దాదాపు వంద రెట్లు పలుచన చేస్తే దారిలో నీరు చేరే బెడద తప్పుతుంది. ఆ గాలి శుభ్రంగా లేకపోతే మాత్రం అదొక కొత్త తలనొప్పి. ట్యూబు లేకుండా చిమ్నీలోనే కొలిచే ఇన్-సిటూ రకాన్ని ఎఫ్‌జీడీ (పొగను కడిగి సల్ఫర్ తీసే ఏర్పాటు) ఉన్న తడి చిమ్నీకి పెట్టకండి, నీటి తుంపరల్లో అద్దాలు తుడుచుకుంటూ కూర్చోవాలి.

అన్నట్టు, లైను మార్చాక రీడింగు మళ్లీ 1,200కు చేరింది. కంట్రోల్ రూం నుంచి వెంటనే ఫోను: "పైన ఏం పాడుచేశావయ్యా?"